ద్రవీభవన స్థానం: రసాయన భద్రతకు తొలి కొలమానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి, మొక్కజొన్న, జీడిమామిడి, మామిడి, గోగు పంటలపై వాడే రసాయనాల భద్రతను చర్చించేటప్పుడు మోతాదు, విషతీవ్రత, పిచికారీకి కోతకు మధ్య ఉండవలసిన గడువు వంటి అంశాలే ముందుకు వస్తాయి. వీటన్నింటికంటే ముందు ప్రయోగశాలలో తేలవలసిన సంఖ్య ఒకటి ఉంది. ఘనపదార్థం ద్రవంగా మారే ఉష్ణోగ్రత, అనగా ద్రవీభవన స్థానం. చూడటానికి ఇది పాఠశాల స్థాయి ప్రయోగమే. అయినప్పటికీ పదార్థం గుర్తింపు, శుద్ధత, మందు తయారీ రూపం, నిల్వ, నీటిలో కరిగే స్వభావం ఈ సంఖ్యతో ముడిపడి ఉన్నాయి.

నిర్ధారణ విధానం

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ రూపొందించిన 102వ పరీక్షా మార్గదర్శకం ఇందుకు అంతర్జాతీయ ప్రమాణంగా ఉంది. అందులోని కేశనాళిక పద్ధతిలో, బాగా ఆరబెట్టి మెత్తగా నూరిన పొడిని ఒక చివర మూసిన సన్నని గాజు నాళికలో సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తు వరకు దట్టిస్తారు. ఊహించిన ఉష్ణోగ్రతకు 10 డిగ్రీల దూరం వరకు నిమిషానికి 3 డిగ్రీల చొప్పున, అక్కడి నుంచి నిమిషానికి 1 డిగ్రీకి మించకుండా వేడి చేస్తారు. తొలి బిందువు కనిపించిన ఉష్ణోగ్రతను, చివరి స్ఫటికం కరిగిన ఉష్ణోగ్రతను నమోదు చేస్తారు. వేడిని తొందరగా పెంచితే ఉష్ణమాపకం చూపే విలువకు, పొడి అసలు ఉష్ణోగ్రతకు పొంతన ఉండదు. ఉష్ణమాపకాన్ని ముందుగా బెంజోయిక్ ఆమ్లం వంటి ప్రామాణిక పదార్థంతో సరిచూసుకోవాలి.

శుద్ధతకు గీటురాయి

శుద్ధ పదార్థం స్వల్ప ఉష్ణోగ్రతా వ్యవధిలోనే కరుగుతుంది. మలినాలు చేరితే కరగడం ముందుగానే మొదలై, ఎక్కువ డిగ్రీల మేర సాగుతుంది. మోనోక్రోటోఫాస్ ఇందుకు చక్కని ఉదాహరణ. శుద్ధ స్థితిలో అది 54-55 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే స్ఫటికం. కర్మాగారంలో తయారయ్యే సాంకేతిక శ్రేణి పదార్థం మాత్రం 25-30 డిగ్రీల వద్దే మెత్తబడే ముద్దగా ఉంటుంది. కూరగాయలపై దీని వాడకాన్ని మన దేశం 2005లో నిషేధించింది. తెచ్చిన నమూనా ఏ పదార్థమో సందేహం కలిగినప్పుడు, దానిని ప్రామాణిక నమూనాతో కలిపి కరిగిస్తారు. ద్రవీభవన స్థానం తగ్గకపోతే రెండూ ఒకటే పదార్థమన్న నిర్ధారణకు బలం చేకూరుతుంది.

మందు రూపం, విషం సోకే మార్గం

ద్రవీభవన స్థానం తక్కువగా ఉన్న పదార్థాన్ని మరలో పొడి చేయబోతే, రాపిడి వేడికే మెత్తబడి అంటుకుంటుంది. అందువల్ల 42-43.5 డిగ్రీల వద్ద కరిగే క్లోరిపైరిఫాస్‌ను, 49 డిగ్రీల వద్ద కరిగే లామ్డా సైహలోత్రిన్‌ను సాధారణంగా ద్రావణిలో కరిగించి ఇ.సి. మందులుగా అందిస్తారు. పలాస ప్రాంతపు జీడితోటల్లో తేయాకు దోమ నివారణకు వాడే మందుల్లో లామ్డా సైహలోత్రిన్ ఒకటి. మొక్కజొన్నలో కత్తెర పురుగుపై వాడే ఎమామెక్టిన్ బెంజోయేట్ 141-146 డిగ్రీల వద్ద, క్లోరాంట్రానిలిప్రోల్ 208-210 డిగ్రీల వద్ద కరుగుతాయి. కనుక వాటిని వరుసగా ఎస్.జి., ఎస్.సి. రూపాల్లో తయారు చేయడం సాధ్యమైంది. ఇ.సి. మందులోని ద్రావణి మండే స్వభావం కలది, చర్మం ద్వారా విషం శరీరంలోకి చేరడానికి తోడ్పడుతుంది. పొడి మందులో ముప్పు ప్రధానంగా శ్వాస ద్వారా వస్తుంది. అనగా రైతు చేతి తొడుగులకు ప్రాధాన్యమివ్వాలా, ముక్కుకు మాస్కుకా అన్న ప్రశ్నకు మూలం కొంతవరకు ఈ సంఖ్యలోనే ఉంది.

20 డిగ్రీల నిర్వచనం, 40 డిగ్రీల వేసవి

రసాయనాల వర్గీకరణకు ప్రపంచమంతా అనుసరించే విధానంలో 20 డిగ్రీల వద్ద గాని, అంతకు లోపు గాని కరిగేదే ద్రవం. ఈ లెక్కన క్లోరిపైరిఫాస్ ఘనపదార్థం. కాని మే నెలలో రాజాం, బొబ్బిలి వంటి లోతట్టు ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుల కప్పు కింద వేడి అంతకంటే ఎక్కువ. కాగితంపై ఘనంగా నమోదైన పదార్థం అక్కడ ద్రవమై, రాత్రికి తిరిగి గడ్డకట్టవచ్చు. ఒలికిన ఘనాన్ని ఊడ్చి ఎత్తవచ్చు. కరిగినది మాత్రం కాలువ పట్టి గెడ్డలోకి చేరుతుంది. పైడిభీమవరం వంటి పారిశ్రామిక ప్రాంతాల గోదాములకు, గ్రామాల్లోని మందుల దుకాణాలకు ఈ హెచ్చరిక సమానంగా వర్తిస్తుంది. పురుగుమందులను 54 డిగ్రీల వద్ద 14 రోజులు ఉంచి నిల్వ స్థిరత్వాన్ని పరీక్షించడం ఇటువంటి వేడిని దృష్టిలో ఉంచుకొనే.

నీటిలో కదలిక

స్ఫటికం ఎంత దృఢమైనదో నీటిలో కరగడం అంత కష్టం. యాల్కోవ్‌స్కీ ప్రతిపాదించిన అంచనా సూత్రం ప్రకారం, నూనె-నీటి విభజన గుణకం సమానంగా ఉన్న పదార్థాల్లో ద్రవీభవన స్థానం 100 డిగ్రీలు పెరిగితే నీటిలో ద్రావణీయత పదో వంతుకు తగ్గుతుంది. తేలిక నేలలున్న ఉద్దానం వంటి తీర ప్రాంతంలో ఏ మందు బావినీటికి చేరగలదో అంచనా వేయడానికి ఇది తొలి మెట్టు. అక్కడి మూత్రపిండ వ్యాధికి మూలకారణం ఇంకా నిర్ధారణ కాలేదు. అందువల్ల ఏ రసాయనాన్నైనా నిందించడానికైనా, నిర్దోషిగా తేల్చడానికైనా కొలిచిన గుణాలే ఆధారం కావాలి.

పరిమితులు

కొన్ని పదార్థాలు కరగకముందే విఘటనం చెందుతాయి. మాంకోజెబ్ ఇట్టిది. అటువంటప్పుడు విఘటన ఉష్ణోగ్రతనే నమోదు చేయాలి. యూరియా సుమారు 133 డిగ్రీల వద్ద కరుగుతుంది. కరిగిన స్థితిలో ఎక్కువసేపు ఉంటే పైరుకు హాని చేసే బైయూరెట్ ఏర్పడుతుంది. అందుకే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 దానిని 1.5 శాతానికి పరిమితం చేసింది. ధాన్యపు నిల్వల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ ఎండవేడికి కరగదు. కాని తేమ తగిలితే ప్రాణాంతకమైన ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. ఎక్కువ ద్రవీభవన స్థానం ఉన్నంత మాత్రాన పదార్థం సురక్షితమని భావించరాదు.

ఆచరణలో పాటించవలసినవి

16 విభాగాల భద్రతా సమాచార పత్రంలో 9వ విభాగం ద్రవీభవన స్థానాన్ని తెలుపుతుంది. డీలర్లు, విస్తరణ అధికారులు ఆ విలువను తమ గోదాములోని వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రతతో పోల్చి చూడాలి. రెండూ దగ్గరగా ఉంటే నిల్వను గాలి ఆడే, పైకప్పు వేడి దిగని గదికి మార్చాలి. రైతులు మందును అసలు డబ్బాలోనే, ఎండ తగలని చోట, ఆహార ధాన్యాలకు దూరంగా ఉంచాలి. గడ్డకట్టిన పొడిని, కలిపినా తిరిగి పొరలుగా విడిపోతున్న ద్రవాన్ని వాడరాదు. దుకాణంలో థర్మామీటరు ఒకటి వేలాడదీసి, మే నెలలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రతను రోజూ రాసి ఉంచితే ఈ పోలికకు కావలసిన ఆధారం దొరుకుతుంది.