ఆ ఇంటి బైబిల్లో 73... ఈ ఇంటి బైబిల్లో 66!

ఇద్దరూ కొలిచేది యేసుప్రభువునే. క్రిస్మస్ వస్తే ఇద్దరి ఇళ్లమీదా నక్షత్రం వెలుగుతుంది. కానీ పెళ్లిమాటలు మొదలయ్యేసరికి ‘మీరు ఆర్‌సీఎమ్మా, సీఎస్ఐయా?’ అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ఎందుకలా?

అబ్బాయిది కోరుట్ల, అమ్మాయిది సిరిసిల్ల అనుకుందాం. జగిత్యాలలో అబ్బాయి మేనమామ ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. ఛాయ్‌లు అయ్యాయి. చదువులు నచ్చాయి, ఉద్యోగం నచ్చింది. అప్పుడు అమ్మాయి బాపు చూపు గోడమీది మరియమాత పటం దగ్గర ఆగింది.

‘‘వదినా, మా పిల్ల జపమాల పట్టాల్నా? మేం నేరుగ దేవునికే ప్రార్థన చేసుకుంటం.’’

‘‘అన్నా, పిల్లకు జ్వరమొస్తే మా కోసం ప్రార్థన చెయ్యుండ్రని పాస్టరుగారిని అడుగుతరా, లేదా? మేం మరియమ్మను అడిగేది గదే.’’

‘‘పాస్టరుగారు కండ్లముంగట ఉన్నడు గదా వదినా!’’

చూడ్డానికి చిన్నమాటే. కానీ ఐదువందల ఏళ్ల వాదం మొత్తం ఆ మూడు ముక్కల్లోనే ఉంది.

రెండు దారుల్లో వచ్చారు

పాత కరీంనగర్ జిల్లాకు ప్రొటెస్టెంట్ విశ్వాసాన్ని తెచ్చింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. 19వ శతాబ్దం చివర్లో వాళ్లు ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికన్లు మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డారు. 1978లో కరీంనగర్ డయాసిస్ విడిగా ఏర్పాటైంది. కాథలిక్కులది వేరే దారి. హైదరాబాద్ మేత్రాసనం నుంచి 1952లో వరంగల్ మేత్రాసనం వేరుపడింది. దాని మొదటి బిషప్ ఇటలీకి చెందిన అల్ఫోన్సో బెరెట్టా. కరీంనగర్ వైపు కాథలిక్కులు ఆ మేత్రాసనం కిందికే వచ్చారు.

దారులతో పాటు మాటలూ వేరయ్యాయి. కాథలిక్కులు ‘జ్ఞానస్నానం’ అంటే ప్రొటెస్టెంట్లు ‘బాప్తిస్మం’ అంటారు. వాళ్ల ‘పవిత్రాత్మ’ వీళ్లకు ‘పరిశుద్ధాత్మ’. అక్కడ ‘దివ్యపూజ’, ఇక్కడ ‘ఆరాధన’. అక్కడ పునీత జోజప్ప... ఇక్కడ యోసేపు! మాట వినగానే ఏ చర్చివాళ్లో చెప్పేయొచ్చు.

ఏడు పుస్తకాలు ఏమైనట్టు?

రెండు బైబిళ్లనూ పక్కపక్కన పెట్టి విషయసూచిక తిరగేయండి. కొత్త నిబంధనలో తేడా లేదు, రెండింటిలోనూ 27 పుస్తకాలే. పాత నిబంధన దగ్గరే లెక్క మారుతుంది. ప్రొటెస్టెంట్లకు 39, కాథలిక్కులకు 46. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు, రెండు మక్కబీయుల గ్రంథాలు... ఆ ఏడూ ఇవే. దానియేలు, ఎస్తేరు గ్రంథాల్లోనూ కొన్ని భాగాలు కాథలిక్ బైబిల్లో ఎక్కువ ఉంటాయి.

అదెలాగంటే... క్రీస్తుకు పూర్వమే యూదుల గ్రంథాలు గ్రీకులోకి వెళ్లాయి. తొలినాటి క్రైస్తవులు ఎక్కువగా చదివింది ఆ గ్రీకు ప్రతినే. అందులో ఈ పుస్తకాలున్నాయి. యూదుల హీబ్రూ పట్టికలో మాత్రం లేవు. 16వ శతాబ్దంలో సంస్కర్తలు హీబ్రూ పట్టికే ప్రమాణమన్నారు. అలాగని మార్టిన్ లూథర్ వాటిని పారేయలేదు. 1534 నాటి తన జర్మన్ బైబిల్లో రెండు నిబంధనల మధ్య విడిగా ఉంచాడు. చదివితే మంచిదే, లేఖనంతో సమానం మాత్రం కాదన్నాడు. 1546లో ట్రెంట్ మహాసభ అవీ లేఖనాలేనని కాథలిక్కులకు ఖరారు చేసింది.

మరి తెలుగులో? విశాఖపట్నంలో లండన్ మిషనరీలు తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత తెలుగు బైబిలు పని బైబిలు సొసైటీల అండతో సాగింది. లండన్‌లోని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీయేమో ఈ అదనపు పుస్తకాలున్న ప్రతులకు డబ్బివ్వకూడదని 1820లలోనే తీర్మానించుకుంది. సిరిసిల్ల అమ్మాయి ఇంట్లోని బైబిల్లో 66 పుస్తకాలే ఉండటం వెనక ఇంత కథ ఉంది.

ఇది పుస్తకాల లెక్కతో పోయేది కాదు. మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయంలో, యుద్ధంలో చనిపోయినవాళ్ల పాపపరిహారం కోసం యూదా మక్కబీయుడు కానుక పంపి ప్రార్థన చేయించిన కథ ఉంది. చనిపోయినవారి కోసం పూజ చేయించవచ్చు అనడానికి కాథలిక్కులు చూపే ఆధారాల్లో ఇదొకటి. ఆ పుస్తకమే లేఖనం కాదంటే, ఆ ఆధారమూ లేనట్టే కదా!

పుస్తకం ఒక్కటే చాలదా?

‘రక్షణకు కావలసిందంతా బైబిల్లోనే ఉంది, ఏ ఆచారమైనా దానికి లోబడాల్సిందే’ అంటారు ప్రొటెస్టెంట్లు. పెద్దల సంప్రదాయం పేరుతో దేవుని ఆజ్ఞను పక్కనపెట్టారని యేసు పరిసయ్యులను మందలించిన సంగతి (మార్కు 7వ అధ్యాయం) గుర్తుచేస్తారు.

‘సరే, బైబిల్లో ఏయే పుస్తకాలుండాలో బైబిల్లో ఎక్కడుంది? ఆ పట్టిక ఇచ్చింది సంఘమే కదా’ అన్నది కాథలిక్కుల ఎదురుప్రశ్న. నోటిమాటగా గానీ, ఉత్తరం ద్వారా గానీ తాను నేర్పిన పద్ధతులను గట్టిగా పట్టుకోమని థెస్సలొనీకయులకు పౌలు రాసిన మాటను చూపిస్తారు. ‘సంఘం ఆ పుస్తకాలను గుర్తించిందే తప్ప వాటికి అధికారం ఇవ్వలేదు’ అన్నది ప్రొటెస్టెంట్ల జవాబు.

నిజానికి ఎవరి ఇంట్లో సంప్రదాయం లేదు గనక! డిసెంబరు 25న క్రిస్మస్ చేయమని బైబిల్లో లేదు. ‘త్రిత్వం’ అన్న మాటా అందులో కనిపించదు. అటు కాథలిక్కులూ 1960లలో జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత దివ్యపూజను లాటిన్ నుంచి ప్రజల భాషల్లోకి తెచ్చుకున్నారు. ఇంట్లో బైబిలు చదవమని విశ్వాసులను ప్రోత్సహిస్తున్నారు.

మొక్కు ఎవరికి?

వేములవాడ రాజన్నకు కోడెను కట్టే నేల ఇది. కొండగట్టు అంజన్నకు ముడుపు చెల్లించే నేల ఇది. ఇక్కడ మొక్కు అంటే ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. అందుకే మరియమ్మ దగ్గర వాదన అంత వేడిగా ఉంటుంది.

విజయవాడ గుణదలకే వెళ్లి చూడండి. 1924లో ఇటలీ ఫాదర్ అర్లాటి నెలకొల్పిన మేరీమాత క్షేత్రమది. ఏటా ఫిబ్రవరిలో తిరునాళ్లకు వచ్చేవాళ్లు కొండెక్కుతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. తలనీలాలు ఇచ్చేవాళ్లూ ఉంటారు. ‘ఇది ఆరాధన కాక మరేమిటి?’ అని ప్రొటెస్టెంట్లకు అనిపిస్తుంది. దేవునికీ మనుషులకూ మధ్య క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అని తిమోతికి రాసిన మొదటి పత్రిక చెబుతోంది కదా అంటారు. చనిపోయినవాళ్లను పిలవమని బైబిల్లో ఎక్కడా లేదంటారు.

‘ఆరాధన దేవునికొక్కడికే. పునీతులకు ఇచ్చేది గౌరవం, వాళ్లను అడిగేది సాయప్రార్థన’ అంటుంది కాథలిక్ సంఘం. క్రీస్తులో మరణించినవాళ్లు దేవుని దగ్గర సజీవులే అన్నది వాళ్ల నమ్మకం. ప్రకటన గ్రంథంలో పరిశుద్ధుల ప్రార్థనలు ధూపంలా దేవుని ముందుకు వెళ్లే దృశ్యాన్ని చూపిస్తారు. హద్దు మీరకుండా సంఘమూ చూసుకుంటుంది. మరియమ్మను ‘సహరక్షకి’ అనడం సరికాదని 2025 నవంబరులో వాటికనే స్పష్టం చేసింది.

తమాషా ఏమిటంటే... ‘పరిశుద్ధుల సహవాసాన్ని నమ్ముతున్నాను’ అని ఇద్దరూ విశ్వాస ప్రమాణంలో చెబుతారు. ఆ సహవాసంలో మాట్లాడుకోవచ్చా, లేదా అన్నదే తగవు!

బొమ్మల సంగతీ అంతే. మెదక్ చర్చి ప్రొటెస్టెంట్లదే. అయినా దాని రంగుటద్దాల కిటికీల్లో యేసు జననం, సిలువ, ఆరోహణం కళ్లకు కడతాయి. బొమ్మ ఉండటంలో తప్పులేదు, దాని ముందు మోకరిల్లకూడదు అన్నది వాళ్ల లెక్క.

పెళ్లికి ముందే అడగండి

మళ్లీ జగిత్యాల ఇంటికి వద్దాం. ఈ పెళ్లి కుదురుతుందా? కుదరకపోవడానికి ఏమీ లేదు. నీటితో, త్రియేక దేవుని నామంలో ఇచ్చిన సీఎస్ఐ బాప్తిస్మాన్ని కాథలిక్ సంఘం ఒప్పుకుంటుంది. అమ్మాయికి మళ్లీ జ్ఞానస్నానం అక్కర్లేదు. పెళ్లికి మాత్రం బిషప్ తరఫున అనుమతి కావాలి. పిల్లలకు కాథలిక్ జ్ఞానస్నానం ఇప్పించి, ఆ విశ్వాసంలో పెంచడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానని అబ్బాయి మాటివ్వాలి. ఆ మాట సంగతి అమ్మాయికి ముందే తెలియాలి. పెళ్లి ఆమె చర్చిలో జరగాలంటే ప్రత్యేకంగా మినహాయింపు తీసుకోవాలి.

అసలు చిక్కు పెళ్లిరోజున రాదు. బిడ్డ పుట్టినప్పుడు వస్తుంది. ఇంట్లో పెద్దావిడ పోయినప్పుడు వస్తుంది. ఆమె ఆత్మశాంతికి పూజ చేయిద్దామని కొడుకు అంటాడు. ‘ఆమె దేవుని చేతుల్లో ఉంది, ఇంకేం అడుగుతాం’ అని కోడలు అంటుంది. ఇద్దరిదీ ప్రేమే. అది ముందే మాట్లాడుకోకపోతే, ఆ దుఃఖంలో మాట తూలుతుంది.

పెద్దవాళ్లు కొంత దారి వేశారు కూడా. మనిషికి రక్షణ దేవుని కృపవల్లేనని 1999లో కాథలిక్కులు, లూథరన్లు ఉమ్మడి ప్రకటన చేస్తే, 2006లో మెథడిస్టులూ దానితో గొంతు కలిపారు. పునీతుల సంగతి, ఆ ఏడు పుస్తకాల సంగతి ఇంకా తేలలేదు. మన జీవితకాలంలో తేలకపోవచ్చు కూడా.

దుబాయిలోని ఊద్ మేథాలో సెయింట్ మేరీస్ కాథలిక్ చర్చి, ప్రొటెస్టెంట్ల హోలీ ట్రినిటీ చర్చి పక్కపక్కనే ఉంటాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఎడారిదేశం వెళ్లినవాళ్లు సెలవురోజున ఒకే వీధిదాకా కలిసి నడవొచ్చు. అక్కడ ఒకరు ఈ గేటులోకి, ఒకరు ఆ గేటులోకి వెళ్తారు. బయటికొచ్చాక మళ్లీ కలిసే ఛాయ్ తాగొచ్చు.

ఒకే ఇంట్లో రెండు బైబిళ్లున్నా అంతే. రెండూ తెరిచి కూర్చుని, తేడా ఎక్కడుందో ముందు చదువుకుంటే సరి.