రోచెస్టర్ కోట, సెయింట్ ఆల్బన్స్ తిరగలి రాళ్లు

‘ఫ్యూడల్’ అనే మాటను మన సభల్లో, కరపత్రాల్లో తరచూ వాడతాం. ఆ మాట పుట్టిన ఐరోపాలో అసలు ఆ వ్యవస్థ ఎలా నడిచింది? ఎలా కూలింది? ఇంగ్లండ్‌నే తీసుకుందాం.

1066లో నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం భూములను తన అనుచరులకు పంచాడు. బదులుగా వాళ్లు రాజుకు సైన్యం ఇవ్వాలి. ఆ పట్టు నిలుపుకోవడానికే దేశమంతా కోటలు లేచాయి. సినిమాల్లో కోట అంటే విందులు, గుర్రపు వీరులు. ఆ విందుకు గోధుమ పండించింది, కట్టెలు మోసింది, కోటలోని మరుగు గుంటలు ఎత్తిపోసింది మాత్రం చరిత్రలో పేర్లు లేని మనుషులు.

పొలాల్లో పనిచేసిన అర్ధబానిస రైతులను ‘విలన్’లు అనేవారు. దుర్మార్గుడికి మనం వాడే ‘విలన్’ ఆ మాటే. శ్రమజీవి పేరు తిట్టుగా మారడం మనకు కొత్తేమీ కాదు. వారంలో కొన్ని రోజులు ప్రభువు పొలంలో కూలి లేని పని. కూతురి పెళ్లికి రుసుము. ఇంటి పెద్ద చనిపోతే మేలైన పశువు ప్రభువుకే. గింజలు ప్రభువు మరలోనే ఆడించాలి. సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి జనం ఇళ్లలోని తిరగలి రాళ్లను లాక్కుని, మఠంలో గది నేలకు పరిపించాడు.

1348లో వచ్చిన ప్లేగు జనాభాలో మూడో వంతుకు పైగా తుడిచిపెట్టింది. పనివాళ్లు తగ్గారు, కూలి పెరిగింది. 1351లో ప్రభుత్వం చట్టం చేసి కూలిని పాత రేటుకు కట్టేసింది. 1377 నుంచి నాలుగేళ్లలో మూడుసార్లు తలపన్ను వేసింది.

1381 జూన్‌లో కెంట్ ప్రాంతం లేచింది. తన బానిస అంటూ ఒక నైట్ పట్టించిన రాబర్ట్ బెల్లింగ్‌ను రోచెస్టర్ కోటలో బంధించారు. జనం కోటను ముట్టడించి అతన్ని విడిపించారు. సెయింట్ ఆల్బన్స్‌లో నేల తవ్వి, తమ తిరగలి రాళ్లను పగలగొట్టి ముక్కలు పంచుకున్నారు. జూన్ 14న పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ అర్ధబానిసత్వం రద్దుకు మాటిచ్చాడు. మర్నాడే నాయకుడు వాట్ టైలర్‌ను చంపేశారు. జులైలో రాజు మాట వెనక్కి తీసుకున్నాడు. సమానత్వం బోధించిన జాన్ బాల్‌కు మరణశిక్ష వేశారు.

తిరుగుబాటు ఓడింది. కానీ పనివాళ్ల కొరత, రైతుల పట్టుదల కలిసి తర్వాతి శతాబ్దంలో ఆ వ్యవస్థను లోపలి నుంచి కూల్చాయి. పారిపోయి పట్టణంలో ఏడాది మీద ఒక రోజు బతికితే విముక్తి అనే ఆచారం అంతకుముందే ఉండేది.

మనం ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. ఊరు వదిలిన విలన్ తన హోదాను ఊళ్లోనే వదిలేయగలిగాడు. మన దగ్గర వాడ వదిలి నగరానికి వచ్చినవాళ్లను అద్దె ఇంటి గుమ్మంలోనే కులం అడుగుతారు. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి అంబేడ్కర్ తేడాలు చూపింది ఇందుకే. గడీలు పాడుపడ్డాయి, కులం పాడుపడలేదు. దాన్ని ‘ఫ్యూడల్ అవశేషం’ అని తేల్చేస్తే, దానంతట అదే పోతుందని ఎదురుచూస్తూ కూర్చుంటాం.