పాంగాంగ్ తీరాన సైకిల్ యాత్ర: దిగి రావాలన్నా ఎక్కవలసిన చోటు

లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సును సైకిలుపై చుట్టి రావాలన్నది హిమాలయ యాత్రలపై మక్కువ గల ఎందరికో ఉన్న కోరిక. మాటవరసకు చుట్టి రావడం అంటామే గాని, ఈ సరస్సుకు పూర్తి ప్రదక్షిణ నేడు యాత్రికులెవరికీ సాధ్యం కాదు. సుమారు 134 కిలోమీటర్ల పొడవున సాగే ఈ జలరాశిలో దాదాపు మూడో వంతు మాత్రమే భారత్ వైపు ఉన్నది. మిగిలినది టిబెట్‌లోకి విస్తరించింది. వాస్తవాధీన రేఖ సరస్సుకు అడ్డంగా సాగుతుంది. 2020 మే నెలలో ఇక్కడి ఉత్తర తీరాన భారత, చైనా సైనికుల మధ్య ఘర్షణ చెలరేగింది. 2021 ఫిబ్రవరిలో ఇరు సేనలు రెండు తీరాల నుంచీ వెనక్కి తగ్గాయి. ఉత్తర తీరం వెంట సామాన్య యాత్రికులకు దారి లేదు. సైకిలుపై వెళ్లేవారికి దక్కేది దక్షిణ తీరమే. లుకుంగ్ వద్ద మొదలై స్పాంగ్మిక్, మాన్, మెరాక్ గ్రామాల మీదుగా సుమారు 30 కిలోమీటర్లు సాగే దారి అది.

మైదాన ప్రాంతంలో 30 కిలోమీటర్లు ఒక ఉదయపు సవారీ. అలవాటున్నవారు అల్పాహార వేళకు ఇల్లు చేరుతారు. మరి పాంగాంగ్ యాత్రకు పది పన్నెండు రోజులు కేటాయించుకోవాలని అనుభవజ్ఞులు ఎందుకు చెబుతారు? దానికి సమాధానం సరస్సు తీరంలో కాదు, సరస్సును చుట్టుముట్టిన కొండల్లో ఉన్నది.

పాంగాంగ్ సముద్ర మట్టానికి సుమారు 4,225 మీటర్ల ఎత్తున ఉన్నది. ఒకప్పుడు దీని నీరు పడమటి కొస నుంచి పొంగి, టాంగ్‌ట్సే లోయ మీదుగా శ్యోక్ నదిలోకి, అక్కడి నుంచి సింధువులోకి చేరేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. కాలక్రమంలో ఆ మార్గం పూడుకుపోయింది. నేడు మంచు కరిగిన నీరు లోపలికి వస్తుందే తప్ప బయటికి పోయే దారి లేదు. ఎండకు ఆవిరి కావడమే దానికున్న ఏకైక నిష్క్రమణ. నీరు పోయి లవణాలు మిగిలిపోవడం వల్ల మన వైపు సరస్సు ఉప్పదేలింది. తూర్పున, టిబెట్ వైపున, నీరు తియ్యగా ఉంటుంది. ఉప్పు నీరైనా శీతకాలంలో ఈ సరస్సు గట్టిగా గడ్డకడుతుంది. 2023 ఫిబ్రవరిలో ఆ మంచుపైనే లుకుంగ్ నుంచి మాన్ వరకు 21 కిలోమీటర్ల పరుగు పందెం నిర్వహించారు.

నేడు లేహ్ నుంచి వచ్చే రహదారి చివరి భాగం ఆ పాత నీటి మార్గం వెంటనే సాగుతుంది. అంటే టాంగ్‌ట్సే నుంచి సైకిలు తొక్కుతూ లుకుంగ్ చేరేవారు ఒకనాడు సరస్సు నీరు దిగిపోయిన లోయలో ఎదురెక్కుతున్నారన్న మాట. అయితే అంతకు ముందే వారు చాంగ్ లా దాటి రావాలి. స్థానిక భాషలో 'లా' అంటే కనుమ, 'త్సో' అంటే సరస్సు. చాంగ్ లా ఎత్తు సుమారు 5,360 మీటర్లు. సింధు లోయలోని కారూ నుంచి కనుమ పైభాగానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో దాదాపు 2,000 మీటర్లు ఎక్కాలి. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లకు మించదని గుర్తు చేసుకుంటే ఆ ఎక్కుడు ఎంతటిదో బోధపడుతుంది.

ఎత్తు పెరిగిన కొద్దీ గాలిలో ప్రాణవాయువు నిష్పత్తి మారదు, గాలి పీడనం తగ్గుతుంది. సముద్ర మట్టం వద్ద ఉండే పీడనంలో లేహ్ వద్ద మిగిలేది సుమారు మూడింట రెండు వంతులు, చాంగ్ లా వద్ద సగానికి కాస్త ఎక్కువ. ప్రతి శ్వాసకూ శరీరానికి అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. దీనికి శరీరం గంటల్లోనే స్పందించి శ్వాస వేగాన్ని పెంచుతుంది. రక్తంలోని ఆమ్ల, క్షార సమతుల్యాన్ని మూత్రపిండాలు సవరించడానికి కొన్ని రోజులు కావాలి. ఎర్ర రక్తకణాలు తగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. పలుచని గాలి సైకిలుకు ఎదురొడ్డే శక్తి తక్కువ కనుక వేగం పెరగాలి కదా అని కొందరు లెక్క వేస్తారు. లెక్క తప్పు కాదు. అయితే తొక్కే కాళ్లకు అందే శక్తి అంతకంటే ఎక్కువగా తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో నెలల తరబడి సాధన చేసి, గుండె, కండరాలు దృఢపరచుకున్నవారికి పర్వత అస్వస్థత రాదన్న నమ్మకం తప్పు. శారీరక దారుఢ్యం ఎక్కడానికి ఉపయోగపడుతుంది గాని, ఎత్తుకు అలవాటు పడే వేగాన్ని పెంచదు. పైగా బలవంతుడు తొందరగా పైకి చేరుకుంటాడు, కనుక అతనికే ముప్పు పొంచి ఉంటుంది. తలనొప్పి, వికారం, నిద్రలేమి తొలి సూచనలు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, గులాబీ రంగు నురుగుతో దగ్గు రావడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనడానికి గుర్తులు. మాట తడబడటం, సరళరేఖపై అడుగులో అడుగు వేసి నడవలేకపోవడం మెదడు వాచిందనడానికి గుర్తులు. ఈ రెండూ ప్రాణాంతకాలు. ప్రాణవాయువు, మందులు కాసేపు ఆదుకుంటాయి. అసలు చికిత్స వెంటనే కిందికి దిగడం.

పాంగాంగ్ తీరాన చిక్కు అక్కడే వస్తుంది. స్పాంగ్మిక్‌లో రాత్రివేళ ఒకరికి ఊపిరాడకపోతే కిందికి దిగడమంటే ఎక్కడికి? లేహ్‌కు వెళ్లాలంటే ముందు మరో 1,100 మీటర్లు పైకెక్కి చాంగ్ లా దాటాలి. శ్యోక్ లోయ వెంట నుబ్రా వైపు తిరిగినా, అక్కడి నుంచి లేహ్ చేరడానికి ఖార్దుంగ్ లా అనే మరో పెద్ద కనుమ అడ్డుపడుతుంది. చుషుల్ మీదుగా సింధు లోయకు పోయే దారిలోనూ త్సాగా లా ఉన్నది. నీటికి బయటి దారి లేనట్టే, రోగికీ నేరుగా దిగిపోయే దారి లేదు. దగ్గరలో కాస్త దిగువన ఉన్నది టాంగ్‌ట్సే ఒక్కటే, అదీ కొన్ని వందల మీటర్లు మాత్రమే. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉన్నది. కాబట్టి జబ్బు వచ్చాక దిగుదామన్న ధీమా ఇక్కడ పనికిరాదు. జబ్బు రాకుండా పైకి చేరడమే మార్గం.

ఈ విషయంలో కారుకంటే సైకిలుకే అనుకూలత ఎక్కువ. విమానంలో లేహ్ చేరి, మూడో రోజే కారులో చాంగ్ లా దాటి, ఆ రాత్రి సరస్సు ఒడ్డున గుడారంలో పడుకునేవారు శరీరానికి గడువు ఇవ్వడం లేదు. సైకిలు ఇష్టం ఉన్నా లేకున్నా గడువు ఇప్పిస్తుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట ఆగాలని పర్వత వైద్య నిపుణుల సూచన. దాని ప్రకారం లేహ్‌లో తొలి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, మూడో రోజు షే, థిక్సే వరకు తేలికపాటి సవారీ, ఆపై కారూ మీదుగా శక్తి గ్రామంలో ఒకటి రెండు రాత్రులు గడపవచ్చు. తెల్లవారుజామున బయలుదేరి చాంగ్ లా దాటి, అదే రోజు టాంగ్‌ట్సేకు దిగి పడుకోవాలి. పగలు ఎత్తుకు ఎక్కి రాత్రి తక్కువ ఎత్తున నిద్రించడం శరీరానికి మేలు చేస్తుంది. కనుమపై మాత్రం ఫొటోకు ఆగినంతసేపే ఆగాలి. ఎసిటజోలమైడ్ మాత్రలు కొందరికి సరిపడవు కనుక వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

చాంగ్ లా నుంచి దిగేటప్పుడు పొడుగాటి వాలులో బ్రేకు ఎడతెగకుండా పట్టి ఉంచితే చక్రం అంచు వేడెక్కుతుంది, వేళ్లు చలికి కొయ్యబారుతాయి. మందపాటి చేతితొడుగులు ఎక్కేటప్పుడు బరువనిపించినా వదిలేయరాదు. టాంగ్‌ట్సే దాటాక లుకుంగ్‌కు ముందు రహదారిపై నుంచి ప్రవహించే ఒక సెలయేటిని స్థానికులు పాగల్ నాలా అంటారు. పొద్దున ప్యాంటు మడిచి దాటగలిగిన ఆ పిచ్చి వాగు, ఎండకు పైన మంచు కరిగిన కొద్దీ మధ్యాహ్నానికి ఉరకలెత్తుతుంది. సరస్సు మీది గాలి కూడా మధ్యాహ్నం నుంచే బలపడుతుంది. కనుక రోజు ప్రయాణం పన్నెండు గంటల లోపే ముగియాలి. సైకిలు మరమ్మతు చేసే అంగళ్లు లేహ్ తరువాత దొరకవు. అదనపు ట్యూబులు, గొలుసు లంకె, గేరు తీగ వెంట ఉండాలి. ఎదుట అంత నీరున్నా తాగడానికి పనికిరాదు, గ్రామాల వద్దనే సీసాలు నింపుకోవాలి.

దుర్బుక్ వద్ద ఈ దారి నుంచి మరో రహదారి చీలి, శ్యోక్ నది వెంట దౌలత్ బేగ్ ఓల్దీ వైపు వెళుతుంది. 2020 జూన్ 15న ప్రాణాలర్పించిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు అమరుడైన గల్వాన్ లోయ ఆ దిక్కునే ఉన్నది. మెరాక్ నుంచి ముందుకు సాగితే చుషుల్ వస్తుంది. 1962 నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13వ కుమావోన్ దళం పోరాడిన రెజాంగ్ లా సమీపంలోనే ఉన్నది. అక్కడి స్మారకాన్ని 2021లో పునర్నిర్మించారు. యాత్రికులు తనిఖీ కేంద్రాల వద్ద ఆగి గుర్తింపు పత్రాలు చూపడాన్ని ఇబ్బందిగా భావించరాదు.

2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్' చిత్రం తరువాత పాంగాంగ్‌కు సందర్శకులు వెల్లువెత్తారు. 2022లో కారును సరస్సు నీళ్లలో నడుపుతూ తీసిన వీడియో దేశవ్యాప్తంగా విమర్శలకు గురైంది. ఒడ్డున ఉన్న తడి నేలలు నల్లమెడ కొంగలకు, పట్టెడతల బాతులకు నెలవు. కొండవాలుల్లో చాంగ్‌పా పశుపాలకులు పష్మీనా మేకలను మేపుతారు. బయటికి పోయే దారి లేని సరస్సులో పడిన మురికి కూడా అక్కడే ఉండిపోతుంది. సైకిలు పొగ వదలదు గాని, సైకిలు యాత్రికుడు తినే బిస్కెట్ల కవర్లు మాత్రం వేరేవారివి కావు. వాటిని లేహ్ వరకు మోసుకు రావాలి.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఈ యాత్రకు అనువైన కాలం. చుషుల్ నుంచి త్సాగా లా, లోమా, న్యోమా, మహే మీదుగా సింధు నది వెంట లేహ్‌కు తిరిగి రావాలనుకునేవారు, ఆ మార్గం అప్పటికి తెరిచి ఉన్నదీ లేనిదీ లేహ్ జిల్లా అధికారుల వద్ద బయలుదేరే ముందే తెలుసుకోవాలి. విదేశీ పౌరులకు అనుమతి నిబంధనలు వేరు. దారి మూసి ఉంటే వచ్చిన దారినే మళ్లీ చాంగ్ లా ఎక్కాలి కాబట్టి, తిరుగు ప్రయాణానికి తిండి, సమయం అదనంగా ఉంచుకునే లుకుంగ్ దాటాలి.