కానుగ గింజలో డీజిల్

దీపావళికి ప్రమిదల్లో నూనె పోస్తుంటే మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, ఈ నూనెతో కారు నడవదా?" చమురు కంపెనీ జీతంతో అల్ హైల్‌లో ఇల్లు నడుపుతున్న ఇంజనీరును నేను. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

కారు మాట ఎలా ఉన్నా, ఇంజను నడిచింది. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. తర్వాత భూమిలోని చమురు చవకగా దొరకడంతో ఆ సంగతి మరుగున పడింది.

మన వైపు దాన్ని మళ్ళీ గుర్తు చేసింది కానుగ చెట్టు. చిన్నప్పుడు మా ఊళ్ళో కానుగ మండలు నరికి ఎరువుగా వరి మడిలో తొక్కేవారు; పుల్లతో పళ్ళు తోముకునేవాళ్ళం. దాని నూనె చేదు, వంటకు పనికిరాదు. కనుక ఇంధనానికి వాడినా మన తిండికి లోటు రాదు. సుమారు నాలుగు కిలోల గింజలు ఆడిస్తే కిలో నూనె వస్తుంది. దానికి మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి వేడి చేస్తే గ్లిజరిన్ అడుగుకు దిగి, పైన బయోడీజిల్ తేలుతుంది. మిగిలిన చెక్క పొలానికి ఎరువు.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలో పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ పల్లె ఉంది. అక్కడి మహిళా సంఘాల వారు కానుగ మొక్కలు పెంచారు, నూనె మిల్లు నడిపారు. పదేళ్ళలో వచ్చే 51 టన్నుల నూనెను డీజిల్‌కు బదులు వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్క తేలింది. అందుకుగాను 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సుకు వచ్చినవారి ప్రయాణాల పొగకు అది పరిహారం! మొత్తం చిన్నదే. కాని గాలిని కాపాడినందుకు ఆ తల్లుల చేతికి డబ్బు అందింది.

అలాగని గింజలతోనే లోకం నడుస్తుందని చెప్పను. కానుగ కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. జట్రోఫా మీద పెట్టుకున్న ఆశలు చాలాచోట్ల దిగుబడి లేక వాడిపోయాయి. ఎండ, గాలి కూడా తోడు రావాలి. 1967లో చమురు ఎగుమతి మొదలుపెట్టిన ఒమాన్ కూడా 2019లో ధోఫార్‌లో 50 మెగావాట్ల గాలిమరలు, 2022లో ఇబ్రీలో 500 మెగావాట్ల సౌర కేంద్రం నెలకొల్పింది.

మనకు అన్నం పెడుతున్న చమురును తిట్టనక్కరలేదు. కాని మన పిల్లలు ఆ తర్వాతి ఇంధనాల చదువు చదవాలి. ఈసారి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వారి చేత పొలం గట్టున రెండు కానుగ మొక్కలు నాటిద్దాం.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు.