దుమ్ము దాటితే తోకచుక్క

మా పిడుగురాళ్లలో చుక్కలు చూడాలంటే ముందు సున్నం బట్టీల దుమ్ము దాటాలి. 2024 అక్టోబర్ 12న సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. ఆ వారం డాబా మీద ఎన్ని ఫొటోలు తీసినా మసక తప్ప ఏమీ పడలేదు.

పౌర్ణమి వెళ్లాక నాన్నని బండెక్కించుకుని, ఊరి లైట్లు వెనకపడేదాకా గురజాల రోడ్డులో వెళ్లా. ఏడింటికి పడమట శుక్రుడు మెరుస్తున్నాడు. తోకచుక్క దానికి కుడివైపు, బాగా పైన ఉండాలి. కంటికి ఆనలేదు.

ఫోన్‌ని రాయికి ఆసరాగా నిలబెట్టా. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 1600, షట్టర్ 10 సెకన్లు, ఫోకస్ ఇన్ఫినిటీ. నొక్కినప్పుడు కదలకుండా 3 సెకన్ల టైమర్. నాలుగో ఫొటోలో దొరికింది! పొగలాంటి చుక్క, పైకి సన్నటి తోక.

"ఆ తోకేంట్రా?" అన్నాడు నాన్న.

"దుమ్మే నాన్నా. ఎండకి మంచు ఆవిరైపోతూ దుమ్ముని లేపుతుంది. దాని మీద ఎండ పడి మెరుస్తుంది."

ముప్పై ఏళ్లు బట్టీలో చేసిన మనిషి. స్క్రీన్‌ని జూమ్ చేసి చాలాసేపు చూశాడు.

"దుమ్ము ఇంత బాగుంటుందా!" అన్నాడు.

ఆ ఫొటోనే ఇప్పుడు ఆయన వాట్సాప్ డీపీ.