చేవెళ్ల పందిరి నుంచి షార్డొనే సీసా దాకా

హైదరాబాదు నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్లే దారిలో ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు వరసగా కనిపించేవి. ఇప్పుడు చాలాచోట్ల వాటి స్థానంలో ప్రహరీగోడలు, ఫామ్‌హౌస్‌లు వచ్చాయి. ఆ పందిళ్ల మీద పండినవి ప్రధానంగా అనాబ్-ఎ-షాహి, తరువాతి కాలంలో థామ్సన్ సీడ్‌లెస్. రెండూ తినే ద్రాక్షలే. ఇంత ద్రాక్ష పండిన నేలలో వైన్ ద్రాక్ష అయిన షార్డొనే పండదా అన్న ప్రశ్న మీకు రావచ్చు. మొక్క బతుకుతుంది, కాయా కాస్తుంది. అయితే ఆ కాయ నుంచి మంచి తెల్ల వైన్ రావాలంటే ఏమేమి కుదరాలో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుందాం.

ముందుగా రకాల తేడా చూడండి. అనాబ్-ఎ-షాహి అంటే రాజద్రాక్ష. హైదరాబాదులో ఈ రకానికి ప్రాచుర్యం తెచ్చిన వ్యక్తిగా అబ్దుల్ బాకర్ ఖాన్ పేరు చెబుతారు. కాయ పెద్దది, రసం ఎక్కువ, దిగుబడి హెక్టారుకు సగటున 35 టన్నుల దాకా ఉంటుంది. కాని తీపి 14 నుంచి 16 బ్రిక్స్ దగ్గర ఆగుతుంది. బ్రిక్స్ అంకెను 0.58తో గుణిస్తే రాబోయే ఆల్కహాలు శాతం సుమారుగా తెలుస్తుంది. 16 బ్రిక్స్ రసం 9 శాతం దాటి పెద్దగా పోదు. షార్డొనే కాయ చిన్నది. దాన్ని 21 నుంచి 23 బ్రిక్స్ వద్ద కోస్తారు. 22 బ్రిక్స్‌కు ఎంత వస్తుందో మీరే లెక్క వేసి చూడండి.

తోట క్యాలెండరు

షార్డొనే సొంత ఊరు ఫ్రాన్సులోని బర్గండీ. అక్కడ తీగ చలికాలమంతా నిద్రపోయి, ఏప్రిల్‌లో చిగురించి, సాధారణంగా సెప్టెంబరులో కోతకు వస్తుంది. మన దక్కనులో తీగకు నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి ఒక పంట తీస్తాం. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మల కోసం. ఆ తరువాత 45 నుంచి 60 రోజుల్లో మొగ్గ లోపల పూగుత్తి రూపుదిద్దుకుంటుంది. అక్టోబరు కత్తిరింపు కాయ కోసం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని జాగ్రత్తగా గమనించండి. బర్గండీలో కాయ చల్లబడుతున్న రోజుల్లో పండుతుంది. చేవెళ్లలో వేడెక్కుతున్న రోజుల్లో పండుతుంది. వేడి పెరిగేకొద్దీ కాయ శ్వాసక్రియలో మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసుకుంటుంది. తీపి పెరుగుతుంది, పులుపు పడిపోతుంది, పీహెచ్ ఎక్కువవుతుంది. పులుపు లేని తెల్ల వైన్ చప్పగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. మరి ముందుగా, అంటే సెప్టెంబరులోనే కత్తిరిస్తే? అప్పటికింకా వానలు పోవు. లేత చిగురు మీద, పూత మీద బూజు తెగులు పడుతుంది. ఆలస్యం చేస్తే మార్చి ఎండ, తొందరపడితే వాన. నా ఉద్దేశంలో ఇక్కడ షార్డొనే భవిష్యత్తు ఈ రెండు మూడు వారాల కిటుకు మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ బూజుకు మన రైతు కొట్టే మందు బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం మందు. 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు వైన్ తోటల్లో పుట్టిన మందు ఇది. వైన్ మనకు రాకముందే వైన్ తోటల మందు వచ్చి చేరింది!

కోత నుంచి సీసా వరకు

కోత తెల్లవారుజామునే ముగించాలి. చల్లటి గుత్తులను ఎంత త్వరగా పిండితే అంత మంచిది, ఆలస్యమైతే రసం గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్ల వైన్‌కు తొక్కలు, గింజలు ముందే వేరు చేసి రసాన్ని మాత్రమే పులియబెడతారు. కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపి, చల్లగా ఒక రోజు ఉంచితే మడ్డి అడుగున పేరుకుంటుంది. తేరిన రసంలో ఈస్ట్ వేస్తారు. పులిసేటప్పుడు వేడి పుడుతుంది కనుక ట్యాంకు చుట్టూ చల్లటి నీరు తిప్పి 14 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచుతారు. అలా రెండు మూడు వారాలు నెమ్మదిగా పులిస్తేనే పండు వాసన నిలుస్తుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్ కింది భాగంలో పేరుకుంటుంది. పాడుబావిలో దిగినవాళ్లకు ఊపిరాడకపోవడం మీరు వినే ఉంటారు, గాలి ఆడని వైన్ గదిలోనూ అదే ప్రమాదం.

బర్గండీలో దీని తరువాత మరో మెట్టు ఉంటుంది. ఒక రకం బాక్టీరియా పదునైన మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అప్పుడే ఆ వెన్న వాసన వస్తుంది. పులుపు ముందే తగ్గిన మన రసానికి దీన్ని చేయకపోవడమే మేలు, అవసరమైతే టార్టారిక్ ఆమ్లం కలపాలి. ఓక్ పీపాల్లో నిల్వ కూడా మితంగా ఉండాలి. పలుచని వైన్‌ను పీపాలో వేస్తే చెక్క రుచే మిగులుతుంది. చివరగా బెంటొనైట్ మట్టితో తేర్చి, చల్లబరచి, వడగట్టి సీసాల్లో నింపుతారు.

ఇక స్థలం సంగతి. మొయినాబాద్ ప్రాంతం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహకంలో ఉంది. 1996 నాటి 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను తొలగించినా, జలాశయాల నీటి నాణ్యతను కాపాడాలనే షరతు ఉంది. ట్యాంకులు కడిగిన నీళ్లు, మడ్డి శుద్ధి చేయకుండా వాగులోకి వదిలితే నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి.

రైతుకు మరో ప్రశ్న మిగిలే ఉంది. తినే ద్రాక్షకు ధర పడిపోతే తోపుడు బండి మీదైనా అమ్ముకోవచ్చు. గింజలున్న చిన్న షార్డొనే కాయను బజారులో ఎవరూ కొనరు. మహారాష్ట్ర 2001లో వైన్ విధానం తెచ్చింది. అక్కడ షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో షార్డొనే పండించి వైన్ తీస్తున్నారు, ఆ రైతుకు పక్కనే వైనరీ ఉంది. చేవెళ్లలో మొక్క నాటేముందే కొనేవారితో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి.