క్రొవ్వొత్తి చెప్పిన పాఠము

క్రొవ్వొత్తి వెలుగుచున్నపుడు అందు మండుచున్నదేది? పిల్లల నడిగినచో కొందరు వత్తి యందురు, కొందరు మైనమందురు. వత్తియే యనుకొందము. జానెడు నూలుదారము నంటించినచో క్షణములో బూడిదయగును. క్రొవ్వొత్తి గంటలకొలది వెలుగుటెట్లు? పోనీ, మైనమే యనుకొందము. మైనపు ముద్దకు అగ్గిపుల్లను తగిలించినచో అది కరగునే కాని మండదు. రెండు సమాధానములును నిలువలేదు. ప్రతిదినము చూచుచున్న వస్తువే తెలియని వస్తువైనది.

ఇట్టి సామాన్య వస్తువును చేతబట్టి, 1860వ సంవత్సరాంతమున లండను నగరములో మైకేల్ ఫారడే బాలబాలికల యెదుట నిలిచెను. అప్పటికాయన వయస్సు 69 ఏండ్లు. విద్యుచ్ఛాస్త్రమున ఆయన కీర్తి దేశదేశముల వ్యాపించియుండెను. అయినను పిల్లలకు పాఠము చెప్పుట తనకు తగని పని యని ఆయన యెన్నడును తలపలేదు. అందులకు కారణము ఆయన బాల్యమందే కలదు.

ఫారడే 1791లో ఒక కమ్మరి యింట జన్మించెను. బడిలో అతడు నేర్చినది చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు మాత్రమే. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పని నేర్చుకొన చేరెను. పగలు కట్టిన పుస్తకములనే తీరిక వేళల చదువుకొనెడివాడు. జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రమును గూర్చి రచించిన గ్రంథమొకటి అట్లే అతనికి లభించెను. అందు ఒక ఉపాధ్యాయిని యిద్దరు బాలికలతో సంభాషించుచు శాస్త్రవిషయములు బోధించును. అచ్చులో నున్నదంతయు నిజమని ఫారడే ఊరకుండలేదు. తన కొలది సొమ్ముతో చేయదగిన చిన్న చిన్న పరీక్షలచే అందలి మాటలను సరిచూచుకొనెను. అవి నిజమని తేలిన పిమ్మటనే ఆ గ్రంథము నతడు నమ్మెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, వానిని వ్రాసికొని, తానే అట్ట కట్టి డేవీకి పంపెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడుగా చేరెను.

ఆ సంస్థలో క్రిస్మసు సెలవులందు బాలురకొరకు ఉపన్యాసములు 1825లో ఆరంభమైనవి, నేటికిని జరుగుచున్నవి. వానిని ఫారడే 19 పర్యాయములు నడపెను. నిర్వచనమును ముందు వల్లె వేయించి, వస్తువును తరువాత చూపు పద్ధతి (అది మన బడులకు కొత్తది కాదు) ఆయనకు సరిపడదు. ముందు కన్నులు చూడవలెను. పేరు తరువాత రావచ్చును.

మొదటి ప్రశ్నకు క్రొవ్వొత్తియే బదులు చెప్పగలదు. పెద్దలెవరైన దగ్గర నుండగా దీనిని ఇంటిలోనే చూడవచ్చును. వెలుగుచున్న క్రొవ్వొత్తిని మెల్లగా ఊది ఆర్పినచో వత్తినుండి తెల్లని పొగ లేచును. వెంటనే మండుచున్న పుల్లను వత్తికి తాకింపక, రెండంగుళముల యెడముగా ఆ పొగలో నుంచవలెను. మంట పొగవెంట క్రిందికి పరుగెత్తి వత్తి నంటుకొనును! మండునది మైనపు ఆవిరి యన్నమాట. ఒక్క సాక్ష్యముతో ఫారడే తృప్తినొందలేదు. వంకర గాజుగొట్టము కొనను మంట నడిమి నల్లని భాగమున నుంచి, ఆ ఆవిరిని వెలుపలికి రప్పించి, గొట్టము రెండవ కొనయందు వెలిగించి చూపెను.

కరగిన మైనము మంట యొద్దకు ఎక్కుటెట్లు? తుండుగుడ్డ కొన నీటిలో మునిగియున్నచో తడి పైకి ప్రాకును. వత్తిలో మైనము, మన ప్రమిదలో నూనె ఎక్కుటయు నిట్లే. దీనికే కేశాకర్షణమని పేరు. క్రొవ్వొత్తి పైభాగమున మైనము చిన్న గిన్నెవలె నేర్పడుట మరియొక వింత. మంట చుట్టును పైకి లేచు చల్లని గాలి అంచును కరగనీయదు. నడుమ మాత్రము కరగును.

మండిన మైనము మాయమై పోలేదు. మంటపై మిక్కిలి చల్లని పాత్ర నుంచినచో దాని యడుగున నీటిబొట్లు కట్టును. మంటనుండి నీరు! మంటపై లేచిన గాలిని పట్టి, సున్నపు తేటతో కలిపినచో తేట పాలవలె తెల్లబడును. అది బొగ్గుపులుసు వాయువు గుర్తు.

తుది యుపన్యాసమున ఫారడే మనుజుని ఊపిరిని పరీక్షకు దెచ్చెను. విడిచిన ఊపిరి సోకగనే సున్నపు తేట అట్లే తెల్లబడెను. ఆహారమందలి కర్బనము దేహములో ప్రాణవాయువుతో కూడి, మంట లేకయే, వెచ్చదనము నిచ్చుచు నీ వాయువుగా మారుచున్నది. క్రొవ్వొత్తి విడిచినదియు, దానిని చూచుచు కూర్చున్న బాలుడు విడిచినదియు ఒక్కటే వాయువు. పెరటిలోని చెట్టు పగటివేళ తన ఆకులతో పీల్చుకొనునదియు అదియే.